రెండు కుర్చీల పార్టీ

మా పెదనాన్న దేవదానం మాస్టారు అధికార పార్టీలో చేరారని పద్మారావు నగర్‌లో మా వీధి మొత్తం నమ్మింది. ఒక తరం పెరిగి పెద్దదయ్యేంత కాలం నమ్మింది. ఆయన చేరలేదు. నేను చేర్పించాను. ఈ చిన్న మాట చెప్పడానికి నాకు జుట్టు నెరిసేదాకా తీరిక దొరకలేదు. మొన్న ఆయన పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఆయన నిజాయితీ గురించి, నిక్కచ్చితనం గురించి మంచి మాటలే చెప్పారు. చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "ఒక్క ఆ పార్టీ మారడం తప్ప" అన్నారు. ఒకరు కాదు, దాదాపు అందరూ. మనిషి బతుకంతా కష్టపడి సంపాదించుకున్న పేరుకి తోకలా వేలాడిన ఆ "తప్ప" నాది. దాన్ని ఆయన పేరు నుంచి విడదీసి నా పేరుకి తగిలించడానికే ఇది రాస్తున్నాను.

మా అమ్మా నాన్నా తెనాలి దగ్గర పల్లెలో మిషన్ బడి టీచర్లు. అక్కడ హైస్కూలు లేదని నన్ను సికింద్రాబాదులో పెదనాన్న ఇంటికి పంపారు. రెండు గదులు, ఒక వరండా, వెనకాల కుళాయి. పెదనాన్న, పెద్దమ్మ సుగుణమ్మ, నేను. పెదనాన్న తెల్లవారకముందే లేచి, మోకాళ్ళూని ప్రార్థన చేసుకుని, పెద్దమ్మ గంజి పెట్టి ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. ఆ చొక్కా ఎంత బిరుసుగా ఉండేదంటే, ఆయన చెయ్యెత్తితే కాగితం చింపిన చప్పుడు వచ్చేది. ఎర్ర పెన్సిలుతో మంత్రుల ప్రకటనల పక్కన మార్కులు వేసేవారు. పదికి రెండు, పదికి మూడు. నాకు తెలిసి ఆ ప్రభుత్వం ఎన్నడూ పాసవలేదు. ఎన్నికల్లో మాత్రం ప్రతిసారీ ఫస్టు క్లాసులో నెగ్గేది. "పరీక్ష పెట్టేది నేనైతే తెలిసేది" అనేవారు పెదనాన్న. లోపల్నుంచి పెద్దమ్మ, "మీరు పెట్టే పరీక్షకి వాళ్ళు రారు గానీ, ఆ ఉప్మా చల్లారిపోతోంది, ముందు దానికి మార్కులెయ్యండి" అనేది.

ఆ రోజుల్లో మా వార్డులో రెండే పార్టీలు. ఒకటి అధికార పార్టీ. అందులో పాలవాడు, పోస్టుమాన్, చౌక దుకాణం యజమాని, గుడి కమిటీ, చర్చి కమిటీలో సగం, క్రికెట్ ఆడే కుర్రాళ్ళు, వాళ్ళ బంతి తగిలి అద్దాలు పగిలిన ఇళ్ళవాళ్ళు, అందరూ ఉండేవారు. రెండోది మా పెదనాన్న పార్టీ. అందులో ఇద్దరు ఉండేవారు. దాని పేరు ఇప్పుడు చెప్పినా ఎవరికీ గుర్తు రాదు. అప్పుడు కూడా పోలింగు నాడు రెండు మూడుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఎన్నికల గుర్తు చేద. అందులో ఓట్ల చుక్క నిలిచిన పాపాన పోలేదు.

ఆ రెండో మనిషి మల్లేశం మామయ్య. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. వీధి మలుపులో టెంట్ హౌస్. పెళ్ళిళ్ళకి, చావులకి, మీటింగులకి షామియానాలు, ఇనప కుర్చీలు, మైకు సెట్టు కిరాయికిస్తాడు. పెద్దమ్మని అక్కా అని పిలిచేవాడు కనక నాకు మామయ్య. నన్ను "అల్లుడా" అనేవాడు. మా పార్టీ మీటింగుకి మేం పరిచిన కుర్చీలే మర్నాడు అధికార పార్టీ మీటింగులో ఉండేవి. పెదనాన్నకి అది కొంచెం ఇబ్బందిగా ఉండేది. "మల్లేశం, సిద్ధాంతం ఒకటి ఉంటుందయ్యా" అంటే, "మాస్టరు, సిద్ధాంతం నాది, కుర్చీలు గిరాకీయి. మన మీటింగులనే నమ్ముకుంటే అవి కూసునెటోళ్ళు లేక తుప్పు వడ్తయి" అనేవాడు.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక మా వరండాలో పార్టీ సమావేశం. మల్లేశం మామయ్య రెండు ఇనప కుర్చీలు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. మా ఇంట్లో కుర్చీలు లేక కాదు, పార్టీ సమావేశం పార్టీ కుర్చీల్లోనే జరగాలని పెదనాన్న పట్టు. లోపల పెద్దమ్మ మాంసం కూరలో మసాలా వేసే వేళకి సరిగ్గా దేశ పరిస్థితి మీద చర్చ వేడెక్కేది. ముందుగా పెదనాన్న, "కోరం ఉందా మల్లేశం?" అని అడిగేవారు. మామయ్య అటూ ఇటూ చూసి, తనని తాను కూడా చూసుకుని, "ఉన్నది మాస్టరు, షురూ జెయ్యిండ్రి" అనేవాడు. ఇద్దరిలో ఒకరు అధ్యక్షుడు, ఒకరు కార్యదర్శి. ఏడాదికోసారి ఎన్నిక. ఒక ఏడు ఇద్దరూ అధ్యక్ష పదవికే నిలబడ్డారు. చెరో ఓటు పడింది. మూడు వారాలు పార్టీ సంక్షోభంలో పడింది.

"అక్కా, జెర మీరన్న ఒక ఓటెయ్యిండ్రి. ఈ పంచాది తెగుతలేదు."

"నేను మీ పార్టీ కాదుగా తమ్ముడూ."

"ఏ పార్టీ అక్కా మీరు?"

"వంటింటి పార్టీ. కిరసనాయిలు అయిపోయి నాలుగు రోజులైంది. ఎవరు తెస్తే వాళ్ళకేస్తా."

పెదనాన్న ఇది ఓటరుని ప్రలోభపెట్టడమని, ప్రజాస్వామ్యానికి చేటని వాదిస్తుండగానే మామయ్య డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఆయనే అధ్యక్షుడు. ఇవాళ ఇంటింటికీ ఏదో ఒకటి పంచి గెలిచేవాళ్ళని చూసి జనం ఆశ్చర్యపోతుంటారు. నాకు ఆశ్చర్యం లేదు. ఆ విద్య మా వంటింటి గడపలో పుట్టింది.

ఎన్నికలొస్తే మా ఇల్లంతా మైదా జిగురు వాసన. ఎలుకలు పోస్టర్లు తినకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. ఆ గిన్నె మళ్ళీ వంటకి పనికిరాదని పెద్దమ్మ ఏడాది పొడవునా గుర్తుచేసేది. మేం అంటించిన పోస్టరు మీద మధ్యాహ్నానికల్లా అధికార పార్టీ పోస్టరు పడేది. వాళ్ళ కుర్రాళ్ళు మంచివాళ్ళు, మమ్మల్ని చూసి సిగ్గుపడి, "సార్, మీదాని అంచులు కనవడేటట్టే వెట్టినం" అనేవారు.

ఆ కుర్రాళ్ళ నాయకుడు కిషనన్న. పెదనాన్న దగ్గర చదువుకున్నవాడే, ముందు బెంచీ. మా వార్డుకి అధికార పార్టీ అంటే ఆయనే. ఆయన మమ్మల్ని ఎంత ప్రేమగా చూసుకున్నాడో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒకసారి మా పార్టీ వీధి మలుపులో బహిరంగ సభ పెట్టింది. వందకి పైగా కుర్చీలు పరిచి, మైకులో మామయ్య గొంతు అరిగిపోయేదాకా పిలిస్తే, వచ్చింది ఒక కుక్క. కాసేపటికి సందులోంచి జనం గుంపులుగా వచ్చి కుర్చీలు నింపారు. పెదనాన్న ముఖం వెలిగిపోయింది. గంటసేపు అధికార పార్టీని దుమ్మెత్తిపోశారు. ప్రతి తిట్టుకీ చప్పట్లు. దిగాక మామయ్య ఆయన చెవిలో, "మాస్టరు, గాళ్ళందరు మొన్న గివే కుర్చీలల్ల కిషన్ మీటింగుకు కూసున్నోళ్ళే" అన్నాడు. నిజమే. కిషనన్నే పంపాడు. తర్వాత నాతో ఆయనే చెప్పాడు: "ఖాళీ కుర్చీలకు మాస్టరు స్పీచ్ ఇస్తుంటే మా ఇజ్జత్ ఏమైతది తమ్మీ? మేం గెల్చింది గీళ్ళ మీదనా అని నవ్వరా మంది?" అధికార పార్టీ వేదికే కాదు, ప్రతిపక్షం వేదిక కింద జనాన్ని కూడా అదే సర్దేది. అంతటి సేవాభావం నేను మళ్ళీ చూడలేదు.

ఇక నా సంగతి. నేను డిగ్రీ పాసై, టైపు నేర్చుకుని, అర్జీలు పెట్టుకుని, ఖాళీగా వరండాలో కూర్చునే దశకి వచ్చాను. ఒక ప్రభుత్వ ఆఫీసులో నా అర్జీ నెలల తరబడి నిద్రపోతోంది. ఆ రోజుల్లోనే ఒక ఉదయం ఇరానీ హోటల్లో కిషనన్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చాయ్ తెప్పించాడు. బిస్కెట్లు తెప్పించాడు. తర్వాత అసలు సంగతి.

"తమ్మీ, మా పార్టీ పెద్ద సారు వస్తుండు. వార్డుకొక చేరిక చూపియ్యాలె. ప్రతిపక్షపోడు వచ్చి మన పార్టీల చేరాలె. పరేషాన్ ఏందంటే, మా వార్డుల చేరనోడు ఎవడున్నడు? అందరు ఎప్పుడో చేరిండ్రు. మిగిలింది మీ పెదనాన, ఆ టెంటోడు. టెంటోడు మొండోడు."

"పెదనాన్న చేరరన్నా."

"చేరుమని ఎవడన్నడు? సన్మానం జేద్దామంటున్న. రిటైరైన మాస్టర్లకు. శాలువా కప్పుతం. దాని మీద కండువా సుత కప్పుతం. రెండూ బట్టలే గదా తమ్మీ."

నేను చాయ్ వంక చూశాను. ఆయన నా భుజం తట్టి, "నీ అర్జీ ఏ టేబుల్ మీదున్నదో నాకెర్కే. అది నాకు ఇడిసిపెట్టు. నువ్వు మాస్టరును తీస్కరా. నీ తెలుగు మంచిగుంటది, మైకుల పరిచయం నువ్వే చదువు" అన్నాడు. ఏం చదవాలో కూడా చెప్పాడు. కాబట్టి నేను మోసపోయానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. కండువా రంగు నుంచి మైకులో మాట దాకా అంతా తెలిసే ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆత్మకథలు రాసుకునే పెద్దలంతా తాము పరిస్థితుల చేతిలో కీలుబొమ్మలమని రాసుకుంటారు. నా పరిస్థితులు నాకు చాయ్ మాత్రమే తాగించాయి.

ఇంటికొచ్చి పెదనాన్నకి సన్మానం సంగతి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అన్నేళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి రిటైరైన రోజున స్కూలువాళ్ళు ఇచ్చింది ఒక పూలదండ, ఒక గోడ గడియారం. అది కూడా నడవలేదు.

"కిషనే పెడుతున్నాడా? రాజకీయం ఏమీ లేదు కదరా?"

"లేదు పెదనాన్నా."

అంతే. ఆ రోజు నేను చెప్పిన అబద్ధం ఆ రెండు మాటలే. ఆయన లోపలికి చూసి, "విన్నావా సుగుణా, కిషన్ గుర్తుపెట్టుకున్నాడు" అన్నారు. పెద్దమ్మ ఆ రోజు చొక్కాకి గంజి రెండింతలు పెట్టింది. పెదనాన్న నాలుగు రోజులు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడవలసింది సాధన చేశారు. పిల్లలకి ఎక్కాలు ఎందుకు రావడం లేదన్నది విషయం. "మల్లేశానికి చెప్పావా? వాడూ ఉంటే బాగుంటుంది" అని అడిగారు. "కుర్చీలు ఆయనవే పెదనాన్నా, ఎలాగూ ఉంటాడు" అన్నాను. ఇందులో మాత్రం అబద్ధం లేదు.

మైదానంలో షామియానా, జెండాలు, పెద్ద సారు. పెదనాన్న జెండాల వంక చూసి కొంచెం ఆగారు. "సభ వాళ్ళది, సన్మానం వేరే" అని నేను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. మొదట పూలదండ. తర్వాత శాలువా. సన్మానాల్లో పెద్దవాళ్ళు ఎలా ఉంటారో మీకు తెలుసు, శాలువా కప్పుతుంటే మర్యాదగా తల వంచుతారు. పెదనాన్న కూడా వంచారు. ఆ వంచిన మెడ మీదే పెద్ద సారు కండువా వేశారు. అదే క్షణంలో మైకు ముందు నేను చదివాను: "మన వార్డు ప్రతిపక్ష నాయకులు దేవదానం మాస్టారు తమ అనుచరగణంతో సహా నేడు మన పార్టీలో చేరుతున్నారు." చప్పట్లు. ఫొటోలు. ఆ అనుచరగణం ఎవరా అని వెతుకుతుండగా ఎవరో వచ్చి నా మెడలోనూ కండువా వేశారు. అనుచరగణం నేనే.

పెదనాన్న చెయ్యి కండువా దాకా వెళ్ళింది. దాని కొస పట్టుకుంది. అప్పుడు ఆయన నా వంక చూశారు. క్లాసులో చూచిరాత పట్టుకున్నప్పుడు ఆయన అరిచేవారు కాదు, ఊరికే చూసేవారు. ఆ చూపే. నా చేతిలో కాగితం, నా మెడలో కండువా, నా పక్కన నవ్వుతున్న కిషనన్న, అన్నీ వరసగా చూశారు. లెక్క తేలింది. కండువా కొస వదిలేసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మాట్లాడమని పిలిస్తే లేవలేదు. ఎక్కాల ఉపన్యాసం అలాగే ఉండిపోయింది. షామియానా చివర, మడిచిన కుర్చీల దొంతి మీద చెయ్యి పెట్టి మల్లేశం మామయ్య నిలబడి ఉన్నాడు. ఆయన చూసింది తల వంచిన స్నేహితుణ్ణి, ఆ మెడ మీద పడ్డ కండువాని. తీసి పారేయకుండా కూర్చున్న స్నేహితుణ్ణి. అంతకు మించి ఆయనకి తెలిసే దారి లేదు.

ఇంటికొచ్చాక నేను వరండాలో చెప్పులు విప్పుతున్నాను. లోపల పెద్దమ్మ గొంతు.

"ఇదేం ఖర్మండీ? అక్కడే తీసి వాళ్ళ ముఖాన కొట్టకపోయారా?"

"కొడితే వాడి అర్జీ ఏమవుతుంది సుగుణా? రానీ. పిల్లాడికి ఉద్యోగం రానీ."

"మరి మీ పరువు?"

"నాకేం, రిటైరైపోయానుగా."

నేను లోపలికి వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడి ఉంటే ఈ జ్ఞాపకం ఇక్కడితో అయిపోయేది. చప్పుడు చెయ్యకుండా మళ్ళీ చెప్పులు తొడుక్కుని, మెట్టుగూడ దాకా నడిచి, అలిసిపోయి తిరిగొచ్చాను. నేను విన్నానని ఆయనకి తెలియనివ్వలేదు. ఆయనా నన్ను ఒక్క మాట అడగలేదు. కండువా మర్నాటి నుంచి పెద్దమ్మ వంటింట్లో వేడి గిన్నెలు దించే మసిగుడ్డ అయింది. అధికార పార్టీ మా ఇంటికి చేసిన ఉపకారాల్లో ఉపయోగపడింది అదొక్కటే. పేపర్లో ఫొటో వచ్చింది. ఆ రోజు పెదనాన్న ఎర్ర పెన్సిలు ముట్టుకోలేదు. తర్వాత కూడా ముట్టుకోలేదు.

ఆ ఆదివారం మల్లేశం మామయ్య కుర్చీలతో రాలేదు. ఖాళీ చేతులతో వచ్చి, గేటు బయటే నిలబడ్డాడు. వరండాలో పెదనాన్న లేచి నిలబడ్డారు.

"మాస్టరు, మిమ్ములను పార్టీల కెల్లి తీసేసిన. తీర్మానం ఏకగ్రీవం."

పెదనాన్న మెల్లగా అడిగారు. "కోరం ఉందా మల్లేశం?"

"ఉన్నది. నేనున్న."

పెదనాన్న తల ఊపి, "అయితే చెల్లుతుంది" అన్నారు. ఒక్క మాట చెబితే సరిపోయేది. "మావాడి కోసమయ్యా" అంటే చాలు. అనలేదు. వరండా మూలలో నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాను. నేనూ అనలేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఒకే వీధిలో ఉంటూ, ఒకే కొట్లో ఉప్పూ పప్పూ కొంటూ, ఎదురుపడితే ఒకరు చెప్పు సరిచేసుకునేవారు, ఒకరు ఆకాశం చూసేవారు. పెదనాన్న మాత్రం చాలా కాలం ఆదివారం పూట వరండాలో ఇంట్లోవి రెండు కుర్చీలు వేయించేవారు. ఒకదాంట్లో ఆయన. రెండోదాంట్లో మసాలా వాసన. నాకు నెల తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. నన్ను చూస్తే మామయ్య "అల్లుడా" అనడం మానేసి "సార్" అనడం మొదలుపెట్టాడు. ఆఫీసులో ఎవరు సార్ అన్నా నాకు ఆ గొంతే వినిపించేది.

అప్పటితో పోలిస్తే ఇప్పుడు మనం చాలా ముందుకు వెళ్ళాం. అప్పటి అధికార పార్టీ ఇప్పుడు లేదన్నట్టే ఉంది. దాని తర్వాత ఇంకొకటి వచ్చింది, దాని తర్వాత మరొకటి. కిషనన్న మాత్రం ఎక్కడికీ కదల్లేదు. అప్పుడూ అధికార పార్టీ, ఇప్పుడూ అధికార పార్టీ. "నేను పార్టీ మారలే తమ్మీ, పార్టీలే నా కింద మారినయి" అంటాడు, నవ్వకుండా. ఆయన కారు డిక్కీలో కండువాల కట్ట ఎప్పుడూ ఉంటుంది. ఇదివరకు మనిషిని సభకి రప్పించడానికి కనీసం ఒక అబద్ధమైనా ఆడాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ శ్రమ లేదు, గెలిచినవాడు గెలిచిన సాయంత్రమే కండువా కోసం తనే మెడ చాపుతున్నాడు. ఆనాటి అధికార పార్టీకి ఎదురుగా ఒక ప్రతిపక్షం ఉండాలన్న సిగ్గు ఉండేది, లేకపోతే కుర్చీలు నింపి మరీ నిలబెట్టేది. ఇప్పటివాళ్ళు అంత ఖర్చు దండగ అనుకుంటున్నారు. ఇలా అని నేను టీ బల్లల దగ్గర ఎద్దేవా చేస్తుంటాను. అందరూ నవ్వుతారు. నా మెడలో పడ్డ మొదటి కండువా సంగతి మాత్రం ఆ కబుర్లలో ఎప్పుడూ రాలేదు.

పెద్దమ్మ పోయాక పెదనాన్నని నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. చివరి రోజుల్లో ఆయనకి చూపు మందగించింది. నేను పేపరు చదివి వినిపించేవాణ్ణి. ఒకరోజు ఎవరో చేరిక వార్త వస్తే నేను దాటేయబోయాను. "చదువు, పర్లేదు" అన్నారు. చదివాను. విని, "మల్లేశం కులాసాగా ఉన్నాడా?" అని అడిగారు. కనుక్కుంటానన్నాను. కనుక్కోలేదు. ఆ వారమే ఆయన పోయారు.

సమాధుల తోటలో పాస్టరుగారు వాక్యం చదువుతుండగా కిషనన్న నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. పెట్టె ముందు నమస్కారం పెట్టి, జేబులోంచి కొత్త పార్టీ కొత్త రంగు కండువా తీసి దాని మీద పరిచాడు. "మా గురువు. మా పార్టీల సీనియర్ మనిషి" అన్నాడు. పక్కవాడు ఫొటో తీశాడు. పెదనాన్న బతికుండగా ఒకసారి చేరారు, పోయాక ఇంకొకసారి చేరారు. గేటు దగ్గర చేతికర్ర మీద ఆనుకుని మల్లేశం మామయ్య నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత, కర్ర పట్టుకుని, అంత దూరం వచ్చాడు. లోపలికి అడుగు వెయ్యబోతూ కండువా చూశాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు. కిషనన్న ఫొటో అయిపోయాక ఇంకో పని ఉందని వెళ్ళిపోయాడు. అప్పుడు నేను కండువా తీసి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరూ చూడనప్పుడు నా ధైర్యానికి సాటి లేదు. గేటు వైపు పరిగెత్తాను. మామయ్య ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు టెంట్ హౌస్‌కి వెళ్ళాను. జ్ఞాపకార్థ కూడికకి షామియానా కావాలన్నది నెపం. కొడుకు చూసుకుంటున్నాడు ఇప్పుడు దుకాణం. మామయ్య ముందు గదిలో ఒక పాత ఇనప కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"చెప్పుండ్రి సార్. ఎన్ని కుర్చీలు గావాలె?"

నిలబడే చెప్పాను. హోటల్లో చాయ్ దగ్గర మొదలుపెట్టి, "రాజకీయం లేదు కదరా" అన్న ప్రశ్న, నా జవాబు, మైకు, ఆయన చూపు, వరండాలో విన్న మాట, గేటు దగ్గర తీర్మానం రోజు నేను అడ్డం పెట్టుకున్న పేపరు, అన్నీ చెప్పాను. మామయ్య మధ్యలో ఒక్కసారి మాత్రమే మాట్లాడాడు.

"రానీ, పిల్లాడికి ఉద్యోగం రానీ అన్నడా? గట్లనే అన్నడా?"

"అలాగే అన్నారు మామయ్యా."

ఆయన కర్ర పిడి రుద్దుకున్నాడు. "గేటు కాడ కోరం ఉన్నదా అని అడిగిండు" అన్నాడు. "నేను తెగ మురిసిన, మస్తు జవాబిచ్చినా అని. ఒక్కతీర్గ సంబురపడ్డ సార్. ఇంటికి వొయ్యి అన్నం తినలే." నేను క్షమించమన్నాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"గిక్కడ నా చెవుల జెప్తే ఏమొస్తది? ఆయన పార్టీ మారిండని నువ్వు ఏడ జెప్పినవ్?"

"మైకులో."

"మరి? మైకుల జెప్పినదాన్ని చాటుకు దిద్దుకుంటరా? మైకు నేనే తెస్త. కిరాయి వద్దు."

కూడిక మా పాత వీధిలోనే, పెదనాన్న ఒకప్పుడు ఉన్న ఇంటి ముందు పెట్టాను. పాత కాపురస్థులు, చర్చివాళ్ళు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు వచ్చారు. షామియానా కింద ముందు వరసలో కిషనన్న కూర్చున్నాడు. ఒళ్ళో మడిచిన కండువా, పెదనాన్న ఫొటో పక్కన పెట్టడానికి. పాటలయ్యాయి, వాక్యం అయింది, పెద్దలు మాట్లాడారు. ఒక పెద్దాయన అలవాటుగా "ఒక్క ఆ పార్టీ సంగతి తప్ప" అని దాటేశారు. నా పేరు పిలిచారు. చివర, ఆంప్లిఫయర్ పక్కన, మల్లేశం మామయ్య కొడుకుని లేపి తనే కూర్చున్నాడు. పక్కన ఇంకో ఇనప కుర్చీ వేయించుకున్నాడు. అందులో ఎవరినీ కూర్చోనివ్వలేదు.

మైకు ముందు నిలబడ్డాను. ఇదే వీధికి ఇదే గొంతుతో ఒకసారి ఒక వాక్యం చదివి వినిపించాను, అప్పుడు ఒక్క అక్షరం తడబడలేదు. ఇప్పుడు పెదనాన్న పేరు దగ్గరే ఆగిపోయాను. అందరూ ఏడుపనుకుని జాలిగా చూశారు. అది ఏడుపు కాదు, పాత భయమే. చివర్నుంచి కీచుమని మైకు చప్పుడు, దాని వెనకే మామయ్య గొంతు వినిపించాయి.

"చెప్పు అల్లుడా."

సన్మానమని అబద్ధం చెప్పి ఆయన్ని వేదిక ఎక్కించింది నేనేనని చెప్పాను. ఎందుకో చెప్పాను. నా ఉద్యోగం ఏదో, దాని మీద ఇప్పటిదాకా ఎలా బతుకుతున్నానో చెప్పాను. కిషనన్న దగ్గాడు, కుర్చీలో కదిలాడు, "తమ్మీ, గీ టైముల గవన్నెందుకు" అన్నాడు. నా గొంతు సన్నగిల్లింది. మల్లేశం మామయ్య వంగి, ఆంప్లిఫయర్ మీద మీట పట్టుకుని, శబ్దం పెంచాడు. ఇంకొంచెం పెంచాడు. నా ఊపిరి నాకే వీధి చివరి గోడకి తగిలి తిరిగి వినిపించింది.

"దేవదానం మాస్టారు ఏ రోజూ పార్టీ మారలేదు. ఆయన మెడలో కండువా వేయించింది నేను. నా కోసం ఆయన దాన్ని తియ్యలేదు. మల్లేశం మామయ్యా, నీ స్నేహితుణ్ణి నీకు కాకుండా చేసింది నేను. పెదనాన్నా, రాజకీయం ఉందా అని నువ్వడిగావు. ఉంది పెదనాన్నా. నన్ను క్షమించు."